పొడి నుంచి ఏకస్ఫటికం దాకా: సిరామిక్ అతివాహక దిమ్మల్లో కరెంటుకు దారి

అధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, సభకు వచ్చిన అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

మొదట నా కుడిచేతిలో ఉన్న ఈ నల్లని బిళ్లను చూడండి. దీని అడ్డుకొలత రెండున్నర సెంటీమీటర్లు, మందం ఒక సెంటీమీటరు. పైభాగాన నట్టనడుమ బియ్యపు గింజంత చదరపు ముక్క ఒకటి అతుక్కుని ఉంది. ఆ ముక్క నాలుగు మూలల నుంచి నాలుగు సన్నని గీతలు, ముగ్గు వేసినంత తిన్నగా, బిళ్ల అంచు దాకా సాగాయి. ఆ గీతలను ఎవరూ గీయలేదు. బిళ్ల అంతా ఒకే స్ఫటికంగా, మధ్య నుంచి అంచులకు పెరిగిందని అవి చెబుతున్నాయి. ఎడమచేతిలో ఉన్న రెండో బిళ్ల కూడా అదే పదార్థం: యిట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్. ఎక్స్-రే పరీక్షలో రెండూ ఒకే సమ్మేళనమని తేలుతుంది, రెండూ సుమారు 92 కెల్విన్‌ల దగ్గరే అతివాహకాలవుతాయి, అంటే కరెంటుకు నిరోధమే లేని పదార్థాలవుతాయి. అయినా ద్రవ నైట్రోజన్‌లో ముంచినప్పుడు ఎడమచేతి బిళ్ల చదరపు సెంటీమీటరుకు కొన్ని వందల ఆంపియర్లు మాత్రమే మోయగలదు, కుడిచేతి బిళ్ల పదివేలు దాటి మోస్తుంది. సమ్మేళనం ఒక్కటే, తయారీ వేరు. ఈ తేడా ఎలా వచ్చిందన్నదే ఈరోజు నేను చెప్పదలచిన విషయం.

చరిత్రను క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. 1911లో హాలండ్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఆన్స్ పాదరసాన్ని 4.2 కెల్విన్‌ల దాకా చల్లబరిచి, దాని విద్యుత్ నిరోధం మాయమవడం చూశారు. ఆ తర్వాత 75 ఏళ్లపాటు అతివాహకాలన్నిటికీ ద్రవ హీలియమో, అంతకన్నా ప్రమాదకరమైన ద్రవ హైడ్రోజనో అవసరమయ్యేది. 1986లో స్విట్జర్లాండ్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నార్జ్, మ్యూలర్ లాంథనం, బేరియం, రాగి ఆక్సైడ్‌లో 30 కెల్విన్‌లు దాటిన అతివాహకతను గుర్తించారు. మరుసటి ఏడాదే వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అదే 1987లో అమెరికాలో పాల్ చూ, మావ్-కుయెన్ వూ బృందాలు లాంథనం స్థానంలో యిట్రియం పెట్టి 93 కెల్విన్‌లను అందుకున్నాయి. ద్రవ నైట్రోజన్ మరిగేది 77 కెల్విన్‌ల దగ్గర, అంటే సున్నాకు దిగువన 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఒక విద్యార్థి రోలులో పొడులు నూరి, బిళ్ల ఒత్తి, ఫర్నేస్‌లో కాల్చి, థర్మాస్‌లో తెచ్చుకున్న ద్రవంలో ముంచి అతివాహకతను కళ్లారా చూడగలిగే రోజు అలా వచ్చింది.

ఉత్సాహం కొంత తగ్గాక కొలతలు మొదలయ్యాయి. నిరోధం సున్నా అన్నది నిజమే గానీ, ఆ సున్నా ఎంత కరెంటు దాకా నిలుస్తుందన్నదే ఇంజినీరు అడిగే ప్రశ్న. మన ఇంటి గోడల్లో వేసే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 ఆంపియర్ల వరకు మోస్తుంది. లెక్క వేస్తే అది చదరపు సెంటీమీటరుకు 800 ఆంపియర్లు. పొడిని ఒత్తి కాల్చిన తొలినాటి యిట్రియం బిళ్లలు 77 కెల్విన్‌ల దగ్గర మోసింది కూడా దాదాపు అంతే. దగ్గరికి ఒక చిన్న అయస్కాంతాన్ని తెస్తే ఆ కొద్దిపాటి సామర్థ్యం కూడా పడిపోయేది. అతివాహకం రాగితీగతో సమానంగా ఉంటే, దానికోసం నైట్రోజన్ పోసి, పాత్రలు కట్టి పడే శ్రమ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న.

లోపం పదార్థంలో లేదు, రేణువులు కలిసే చోట ఉంది. కాల్చిన బిళ్ల లోపలి తీరు నువ్వులుండను పోలి ఉంటుంది. ప్రతి నువ్వుగింజా గట్టిదే, కానీ ఒక గింజ పక్కగింజను తాకేది ఒకటి రెండు బిందువుల దగ్గరే, అది కూడా తలో దిక్కుకు తిరిగి ఉంటుంది. రేణువు లోపల కరెంటు ధారాళంగా పోతుంది. సరిహద్దు దాటేటప్పుడే చిక్కు. ఈ సమ్మేళనంలో అతివాహక ఎలక్ట్రాన్ జంటల పొందికకు ఒక పొడవు ఉంది. రాగి, ఆక్సిజన్ పొరల వెంబడి అది సుమారు ఒకటిన్నర నానోమీటరు, పొరలకు అడ్డంగా నానోమీటరులో మూడో వంతే. పాతకాలపు లోహ అతివాహకాల్లో ఈ పొడవు ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి, రేణువుల సరిహద్దులో రెండు మూడు అణువుల గందరగోళం ఉన్నా వాటికి పట్టేది కాదు. ఇక్కడ మాత్రం ఆ గందరగోళమే ఒక గోడ అవుతుంది.

1988లో అమెరికా ఐబీఎం ప్రయోగశాలలో డిమోస్, చౌధరి, మాన్‌హార్ట్ తదితరులు ఈ విషయాన్ని తేటతెల్లం చేశారు. రెండు స్ఫటికాలను కావాలని ఒక కోణంలో అతికించిన ఆధారం మీద పలుచని యిట్రియం పొరను పెంచి, ఆ అతుకు గుండా ఎంత కరెంటు పోతుందో వారు కొలిచారు. కోణం కొద్ది డిగ్రీలు ఉన్నంతవరకు నష్టం కొద్దిగానే ఉంది. కోణం పెరిగేకొద్దీ సామర్థ్యం వేగంగా కూలి, 20 డిగ్రీలు దాటేసరికి సుమారు యాభయ్యో వంతుకు చేరింది. బిళ్లలోని లక్షల రేణువులు తలో దిక్కుకు ఉన్నప్పుడు, కరెంటు తన ప్రయాణంలో ఎన్నో అధ్వాన్నపు అతుకులను దాటక తప్పదు. ఎంత గట్టిగా ఒత్తినా, ఎన్నిసార్లు కాల్చినా ఈ చిక్కు తీరదు. రేణువులన్నీ ఒకే దిక్కుకు తిరగాలి, వీలైతే సరిహద్దులే ఉండకూడదు.

అదే ఏడాది బెల్ ప్రయోగశాలల్లో సుంగో జిన్ బృందం పదార్థాన్ని కాల్చడం మాని, కరిగించి, ఉష్ణోగ్రతా భేదంలో నెమ్మదిగా గడ్డకట్టించింది. రేణువులు పొడవుగా, ఒకదానికొకటి సమాంతరంగా పేర్చుకున్నాయి. 77 కెల్విన్‌ల దగ్గర చదరపు సెంటీమీటరుకు సుమారు 17,000 ఆంపియర్లు పారాయి. ఒక టెస్లా బలమున్న అయస్కాంత క్షేత్రంలో కూడా 4,000 ఆంపియర్ల దాకా నిలిచాయి. నేటి దిమ్మల తయారీ అంతా ఆ బాట నుంచే సాగింది.

అయితే పంచదార కరిగి పాకమైనట్టు ఈ పదార్థం కరగదు, దాని తీరే వేరు. గాలిలో సుమారు 1010 డిగ్రీల సెల్సియస్ దాటగానే మన అతివాహకం, అంటే యిట్రియం, బేరియం, రాగి 1:2:3 పాళ్లలో ఉన్న యిట్రియం-123, రెండుగా విడిపోతుంది. ఒకటి ఆ మూడూ 2:1:1 పాళ్లలో ఉన్న యిట్రియం-211 అనే ఘనపదార్థం, రెండోది బేరియం, రాగి ఆక్సైడ్‌ల ద్రవం. ఈ 211 ఆకుపచ్చగా ఉంటుంది కాబట్టి ప్రయోగశాలల్లో అందరూ దాన్ని గ్రీన్ ఫేజ్ అనే పిలుస్తారు. చల్లబరిచేటప్పుడు ఆ పచ్చని రేణువులు ద్రవంలో కొద్దికొద్దిగా కరిగి, వాటి నుంచి వచ్చిన యిట్రియం పెరుగుతున్న స్ఫటికం అంచుకు చేరి, అక్కడ మళ్లీ నల్లని 123గా మారాలి. ఆ ద్రవంలో యిట్రియం కరిగేది చాలా కొద్ది. అందుకే స్ఫటికం గంటకు మిల్లీమీటరులో కొంత భాగమే పెరుగుతుంది. మనం తొందరపడి చల్లబరిస్తే పక్కన ఎక్కడో మరో స్ఫటికం తనంతట తాను పుట్టి, వేరే దిక్కుకు తిరిగి, మళ్లీ పాత సరిహద్దుల గొడవ మొదలవుతుంది.

పటికబెల్లం ఎలా చేస్తారో తెలిసినవారికి ఇక్కడి కిటుకు వెంటనే పట్టుబడుతుంది. చిక్కని పాకంలో దారం వేలాడదీసి కదపకుండా ఉంచితే దారం చుట్టూ పెద్ద పలుకులు కడతాయి. అదే పాకాన్ని కలుపుతూ గబగబా చల్లారిస్తే సన్నని పొడి అవుతుంది. ఇక్కడ దారం చేసే పనిని బీజ స్ఫటికం చేస్తుంది. అది బిళ్ల కంటే ఎక్కువ వేడికి తట్టుకోవాలి, కానీ అణువుల అమరిక మాత్రం బిళ్లదే అయి ఉండాలి. ప్రకృతి ఇక్కడ మనకు అనుకూలించింది. యిట్రియం స్థానంలో సమేరియం పెడితే విడిపోయే ఉష్ణోగ్రత సుమారు 1060 డిగ్రీలకు, నియోడిమియం పెడితే దాదాపు 1080 డిగ్రీలకు పెరుగుతుంది. అమరిక మాత్రం ఇంచుమించు అదే. అలాంటి రెండు మిల్లీమీటర్ల ముక్కను బిళ్ల నెత్తిన పెట్టి, ఫర్నేస్‌ను సుమారు 1045 డిగ్రీలకు తీసుకెళ్లి, అక్కడ కాసేపు నిలిపి, 1010 దాకా త్వరగా దించి, అక్కడి నుంచి గంటకు అర డిగ్రీ, ఒక్కోసారి అంతకన్నా తక్కువ చొప్పున దించుతాం. బిళ్ల ఆ బీజం దిక్కునే అనుసరిస్తూ నాలుగు పక్కలకూ పెరుగుతుంది. నేను మొదట చూపిన నాలుగు గీతలు ఆ నాలుగు పక్కలు కలిసిన చోట్లు.

నేను పరిశోధన విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒకసారి ఈ మెల్లని దింపుడు 50 గంటలు సాగాక అర్ధరాత్రి కరెంటు పోయింది. తెల్లవారి ఫర్నేస్ తెరిస్తే బిళ్ల మధ్యభాగం నిగనిగలాడుతూ నున్నగా ఉంది. దాని చుట్టూ ఇసుక అతికించినట్టు గరుకుగా, తలో దిక్కున మెరుస్తున్న సన్నని రేణువులు ఉన్నాయి. కరెంటు పోయిన క్షణం ఎక్కడో వేలితో చూపించేంత స్పష్టంగా ఆ గిరి కనిపించింది. ఆ బిళ్ల ఎందుకూ పనికి రాలేదు. కానీ చల్లబరిచే వేగం అంటే ఏమిటో ఏ పుస్తకమూ నాకు అంత బాగా నేర్పలేదు. అడుగున ద్రవం కారి పోతపాత్రను తినేయకుండా యిట్రియం ఆక్సైడ్ పలక వేయడం లాంటి జాగ్రత్తలు కూడా ఇలా బిళ్లలు పోగొట్టుకుంటూ నేర్చుకున్నవే.

సరిహద్దులను తీసేసినంత మాత్రాన పని పూర్తవదు. ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం మొదలవుతుంది. అయస్కాంత క్షేత్రం ఈ పదార్థంలోకి సన్నని సుడుల రూపంలో చొరబడుతుంది. ఒక టెస్లా క్షేత్రంలో చదరపు సెంటీమీటరుకు సుమారు 4,800 కోట్ల సుడులు ఉంటాయి, ఒకదానికొకటి 50 నానోమీటర్ల ఎడంలో. కరెంటు పంపితే ప్రతి సుడి మీదా ఒక పక్కకు నెట్టే బలం పడుతుంది. సుడి కదిలిందంటే శక్తి ఖర్చవుతుంది, నిరోధం పుడుతుంది, అతివాహకం అన్న మాటకు అర్థం పోతుంది. పూర్తిగా నిర్దోషమైన స్ఫటికంలో సుడులను ఆపేది ఏదీ ఉండదు. కాబట్టి అది ఎక్కువ కరెంటును మోయలేదు. గేదెను గుంజకు కట్టినట్టు సుడిని ఎక్కడో ఒకచోట కట్టిపడేయాలి. ఆ గుంజ అతివాహకం కాని చిన్న మచ్చ అయితే, సుడి అక్కడ కూర్చుంటే శక్తి ఆదా అవుతుంది కనుక కదలడానికి ఇష్టపడదు. దీన్నే మేము ఫ్లక్స్ పిన్నింగ్ అంటాం.

అంటే ఒకే బిళ్లలో రెండు పనులు జరగాలి. స్ఫటికాన్ని చీల్చే పెద్ద లోపాన్ని తుడిచిపెట్టాలి, సుడిని పట్టే చిన్న లోపాన్ని చేతులారా నాటాలి. ఇందుకు మనకు దొరికిన గుంజలు ఆ పచ్చని 211 రేణువులే. వాటిని కావలసినదాని కంటే ఎక్కువగా కలిపితే, స్ఫటికం వాటన్నిటినీ తినలేక కొన్నిటిని కడుపులో ఉంచుకునే పెరుగుతుంది. జపాన్‌లో మురకామి మసాతో, ఆయన సహచరులు 1989 తర్వాతి ఏళ్లలో కరిగించి, పొడిచేసి, మళ్లీ కరిగించి పెంచే పద్ధతితో ఈ రేణువులను సన్నగా, బిళ్లంతటా సమంగా పరిచే మార్గం చూపారు. పది మైక్రాన్ల రేణువు ఒకటి ఉండటం కన్నా, అంతే పదార్థంతో ఒక మైక్రాన్ రేణువులు వెయ్యి ఉండటం ఎంతో మేలు. సుడిని పట్టేది రేణువు ఉపరితలం కాబట్టి, మొత్తం ఉపరితలం పది రెట్లు పెరుగుతుంది. వేడిలో ఈ రేణువులు ఒకదాన్నొకటి మింగి లావెక్కకుండా కొద్దిగా ప్లాటినమో సీరియం ఆక్సైడో కలుపుతారు. బరువులో ఒక శాతానికి మించని ఆ చిటికెడు పొడితోనే ఫలితంలో పెద్ద తేడా కనిపిస్తుంది.

మురకామి బృందంలో ఏళ్ల తరబడి పనిచేసిన మిర్యాల మురళీధర్ పేరును తెలుగు సభలో ప్రస్తావించకుండా ఉండలేను. యిట్రియం బదులు నియోడిమియం, యూరోపియం, గడోలినియం మూడింటినీ కలిపిన స్ఫటికంలో మాలిబ్డినం, నియోబియం కలిగిన నానో రేణువులను నాటి, 77 కెల్విన్‌ల దగ్గరే కాక, 90 కెల్విన్‌ల ద్రవ ఆక్సిజన్‌లో కూడా అయస్కాంతాన్ని తేల్చగలిగిన దిమ్మలను ఆయన, సహచరులు తయారుచేశారు. అతివాహకత అంతమయ్యే ఉష్ణోగ్రతకు అంత దగ్గరలో కూడా సుడులు పట్టు విడవలేదంటే, గుంజలు ఎంత గట్టిగా దిగాయో ఊహించండి.

హైదరాబాద్‌లో జరిగిన పని మరో దిశలో సాగింది. కరిగించే పద్ధతిలో రెండు బాధలున్నాయి. బిళ్ల కరిగినప్పుడు కుంచించుకుపోయి ఆకారం చెడుతుంది, విడుదలైన ఆక్సిజన్ బుడగలై లోపల గుల్లలు మిగులుస్తుంది. రక్షణ లోహశోధన ప్రయోగశాల డీఎంఆర్ఎల్‌లో ఇ. సుధాకర్ రెడ్డి, టి. రాజశేఖరన్ 1998లో ప్రచురించిన పద్ధతి ఈ రెండింటికీ ఒకే మందు. ముందుగా పచ్చని 211 పొడితోనే కావలసిన ఆకారాన్ని ఒత్తుతారు. దానికి బేరియం, రాగి ద్రవాన్ని అందిస్తారు. జిలేబీ తన చుట్టలు చెదరకుండా పాకం పీల్చుకున్నట్టు, ఆ ఆకారం ద్రవాన్ని పీల్చుకుని, చల్లబడేటప్పుడు లోపలే 123గా మారుతుంది. 211 ఆ వేడికి కరగదు కాబట్టి ఆకారం అలాగే నిలుస్తుంది. పెద్ద గుల్లలూ ఉండవు, మిగిలిన పచ్చని రేణువులు సన్నగా ఉంటాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వి. శేషుబాయి బృందం రాజశేఖరన్‌తో కలిసి, 211 ఆకారాన్ని ఎంత ఒత్తిడితో ఒత్తాలి, ఎంత వేడిలో కాల్చాలి అన్న అంశాలను ఒక్కొక్కటిగా సరిచేస్తూ, బలమైన అయస్కాంత క్షేత్రాల్లో కూడా కరెంటును నిలబెట్టుకునే నమూనాలను సాధించింది. సుధాకర్ రెడ్డి తర్వాత జర్మనీలో ఇదే మార్గంలో స్పాంజి ముక్కను 211 ముద్దలో ముంచి, స్పాంజిని కాల్చేసి, ద్రవాన్ని పట్టించి అతివాహక నురగను తయారుచేశారు. అందులో నైట్రోజన్ లోపలి దాకా పారుతుంది కాబట్టి చల్లబరచడం తేలిక. నా అభిప్రాయంలో ఆకారం ముఖ్యమైన ప్రతి చోటా ఈ పద్ధతికి మరింత గౌరవం దక్కాలి.

ఇంత చేసినా ఫర్నేస్ నుంచి తీసిన బిళ్ల ఇంకా అతివాహకం కాదు. దానిలో ఆక్సిజన్ తక్కువ. దాన్ని 400 నుంచి 500 డిగ్రీల మధ్య, పారుతున్న ఆక్సిజన్‌లో రోజుల తరబడి, పెద్ద బిళ్లయితే వారాల తరబడి ఉంచాలి. ఆక్సిజన్ లోపలికి చేరేకొద్దీ స్ఫటికం నిలువు దిక్కున సుమారు ఒక శాతం కుంచించుకుంటుంది. బయటి పొర కుంచించుకుని లోపలిది కుంచించుకోకపోతే సన్నని పగుళ్లు వస్తాయి. విచిత్రం ఏమిటంటే, ఆక్సిజన్ లోపలికి త్వరగా చేరేది ఆ పగుళ్ల గుండానే. పగుళ్లు పూర్తిగా లేని బిళ్లకు ఆక్సిజన్ పట్టించడం ఇంకా కష్టం. అందుకే కొందరు ముందే సన్నని రంధ్రాలు వేసి బిళ్లలు పెంచుతారు.

ఈ శ్రమ ఫలితాన్ని కొలిచే సులువైన మార్గం బిళ్లలో బంధించగల అయస్కాంత క్షేత్రం. సన్నగా పొడవుగా ఉన్న స్తంభంలో అది ప్రవాహ సాంద్రతను, అంటే చదరపు సెంటీమీటరుకు మోసే కరెంటును, వ్యాసార్థంతో గుణించినదానికి అనులోమంగా ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు పదివేల ఆంపియర్లు, ఒక సెంటీమీటరు వ్యాసార్థం తీసుకుంటే మధ్యలో సుమారు 1.25 టెస్లాలు వస్తాయి. బిళ్ల పొట్టిదైతే అంతకన్నా తక్కువ. మరింత చల్లబరిస్తే సుడుల పట్టు ఎన్నో రెట్లు బిగుస్తుంది. 2003లో తొమితా, మురకామి రెండు బిళ్లల మధ్య 29 కెల్విన్‌ల దగ్గర 17.24 టెస్లాలను బంధించారు. 2014లో కేంబ్రిడ్జ్ బృందం యిట్రియం బదులు గడోలినియం వాడిన బిళ్లలతో 26 కెల్విన్‌ల దగ్గర 17.6 టెస్లాలకు చేరింది. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం టెస్లాలో వందో వంతు కూడా ఉండదని గుర్తుంచుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది.

ఆ ఎత్తుకు వెళ్లాక అడ్డుపడేది అతివాహకత కాదు, పగులు. 17.6 టెస్లాల క్షేత్రం లోపలి నుంచి బయటికి నెట్టే ఒత్తిడి సుమారు 120 మెగాపాస్కల్‌లు, అంటే వాతావరణ పీడనానికి 1,200 రెట్లు. మన బిళ్ల సాగదీతకు తట్టుకునేది 20, 30 మెగాపాస్కల్‌లే. ఎంతైనా అది పింగాణీ జాతిదే. అందుకే తొమితా, మురకామి బిళ్ల పగుళ్లలోకి రెజిన్ పట్టించి, కార్బన్ ఫైబర్ చుట్టి, మధ్యలో రంధ్రం చేసి వేడిని బయటికి లాగే లోహాన్ని పోశారు. కేంబ్రిడ్జ్‌లో బండిచక్రానికి కమ్మీ ఎక్కించినట్టే స్టీలు కడియాన్ని వేడిచేసి తొడిగి, చల్లారి బిగిసేలా చేశారు. వెండి పొడి కలపడం కూడా పగుళ్లను ఆపడానికే.

ఇప్పుడు రెండు బిళ్లలనూ ఈ థర్మోకోల్ పెట్టెల్లో పెట్టి, ఒక్కోదాని మీద పలుచని అట్టముక్క ఉంచి, దానిపై ఒకే రకం నియోడిమియం అయస్కాంతాన్ని నిలిపాను. నైట్రోజన్ పోస్తున్నాను. బుసబుస తగ్గేదాకా రెండు నిమిషాలు ఆగాలి. ముందు వరుసలోని అమ్మాయి ఇలా రామ్మా, ఈ చెక్క పటకారు తీసుకో. అట్టముక్కలు లాగేశాక ఎడమ పెట్టెలో అయస్కాంతాన్ని కొద్దిగా పక్కకు నెట్టు. చూశారా, అది జారి పడిపోయింది. ఇప్పుడు కుడి పెట్టెలో నెట్టు. నెడితే వెనక్కు వస్తోంది, తిప్పితే ఉన్నచోటే తిరుగుతోంది. ఇక దాన్ని పట్టుకుని పైకి ఎత్తు, నెమ్మదిగా. బిళ్ల కూడా దాని కింద, మధ్యలో కొద్దిపాటి ఖాళీ వదిలి, వేలాడుతూ పైకి లేచింది. ఇందాక చెప్పిన పచ్చని రేణువులు, ఆ 4,800 కోట్ల సుడులు ఇప్పుడు నీ చేతి బరువులో ఉన్నాయి. మిగిలినవారు కూడా ఒక్కొక్కరుగా వచ్చి ఎత్తి చూడండి, బిళ్ల వేడెక్కకముందే.